కంచే చేను మేసినప్పుడు

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ వారం నేను ఎంచుకున్న విషయం పేరు చెప్పగానే మీలో కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతారేమోనని కొంచెం భయంగానే ఉంది. ఆవకాయ గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడుకునే చోట ఆయుధాల గొడవ ఏమిటండీ అంటారు. ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. మనకి సంబంధించినది కాకపోతే అప్పుడు కట్టేద్దురుగాని.

ఒక దేశంలో సైన్యమే ప్రభుత్వాన్ని కూలదోసి తాను గద్దె ఎక్కినప్పుడు, ఆ సైన్యానికి ఇకమీదట ఆయుధాలు అమ్మబోమని మిగతా దేశాలు కట్టుబాటు చేసుకోవడం ఉన్నదే, దానినే ఆయుధ నిషేధం అంటారు. పేపర్లలో ఆర్మ్స్ ఎంబార్గో అని రాస్తారు. కంచే చేను మేస్తే కాచేదెవరని మన పెద్దలు ఊరికే అనలేదు. సరిహద్దుల్ని కాపాడమని ప్రజలు పన్నులు కట్టి సైనికుడి చేతికి తుపాకీ ఇస్తారు. ఆ తుపాకీని అతడు ప్రజల మీదికే తిప్పితే, వాళ్ళ దగ్గర తిరిగి చూపించడానికి ఏమీ ఉండదు. అప్పుడు బయటివాళ్ళు చేయగలిగిన పనుల్లో ఇదొకటి. అయ్యా, నీకిక సరుకు ఇవ్వం, ఖాతా మూసేశాం అనడం.

వినడానికి తేలిగ్గా ఉంది కదూ? ఎంత కష్టమో చెప్పడానికి మన పక్కనే ఉన్న మయన్మార్‌తో మొదలుపెడతాను. మన అమ్మమ్మల నాటికి అది బర్మా. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలవాళ్ళకైతే దాని అప్పటి రాజధాని రంగూను కూడా కాదు, రంగం. "మా తాత రంగం వెళ్ళాడు" అని చెప్పుకునే ఇళ్ళు ఆ వైపు ఎన్నో ఉన్నాయి.

2020 నవంబరులో అక్కడ ఎన్నికలు జరిగి ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఘనంగా గెలిచింది. కొత్త పార్లమెంటు సమావేశం కావలసిన రోజు 2021 ఫిబ్రవరి 1. ఆ తెల్లవారుజామునే సైన్యం సూచీని, అధ్యక్షుడిని నిర్బంధించి, ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని ప్రకటించి, అధికారం తన చేతుల్లోకి తీసుకుంది. సేనాధిపతి మిన్ ఆంగ్ లయింగ్ పాలకుడయ్యాడు.

మర్నాడు రాత్రి ఎనిమిది గంటలకి ఆ నగరంలో ఏం జరిగిందో తెలుసా? ఇంటింటా ఆడవాళ్ళు గిన్నెలు, మూకుళ్ళు, గరిటెలు పట్టుకుని గుమ్మాల్లోకీ బాల్కనీల్లోకీ వచ్చి వాయించడం మొదలుపెట్టారు. ఇంట్లో చేరిన దుష్టశక్తిని తరమడానికి వాళ్ళకి అది అనాదిగా ఉన్న ఆచారం. ఒక్కరోజుతో ఆగలేదు. రాత్రి ఎనిమిదయిందంటే చాలు, ఊరు ఊరంతా ఆ చప్పుడే. మార్చి నెల వచ్చేసరికి ఇంకో పని చేశారు. అక్కడి స్త్రీలు కట్టుకునే లుంగీవంటి వస్త్రాన్ని తమేన్ అంటారు. ఆడవాళ్ళు కట్టిన తమేన్ కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు తగ్గిపోతుందని ఒక నమ్మకం ఉంది. ఇంకేం, వీధికి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టి, దాని మీద తమ తమేన్‌లు ఆరవేశారు. సైనికులు వాటిని తెంపి తీసేదాకా ముందుకు రావడానికి జంకారు. ఉతికిన బట్ట ఆయుధం కావడం ఎక్కడైనా విన్నామా? నాకైతే ఆ ఫొటో చూసినప్పుడు నవ్వూ, గర్వమూ రెండూ కలిగాయి.

కాని తాడు మీద బట్ట ఎంతసేపు ఆపుతుంది? వీధుల్లో కాల్పులు మొదలయ్యాయి. ఊళ్ళు తిరగబడ్డాయి. అప్పుడు సైన్యం ఆకాశం నుంచి కొట్టడం మొదలుపెట్టింది. 2022 సెప్టెంబరు 16న సగాయింగ్ ప్రాంతంలో లెట్ యెట్ కోన్ అనే గ్రామంలో, బౌద్ధ మఠం ఆవరణలో నడుస్తున్న బడి మీద హెలికాప్టర్లు కాల్పులు జరిపాయి. కనీసం 11 మంది పిల్లలు చనిపోయారని యూనిసెఫ్ చెప్పింది. 2023 ఏప్రిల్ 11న అదే ప్రాంతంలో పజీజీ అనే ఊళ్ళో జనం గుమిగూడిన చోట బాంబులు వేస్తే నూట అరవైమందికి పైగా పోయారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు.

ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. మయన్మార్ సైన్యానికి సొంత ఆయుధ కర్మాగారాలు ఉన్నాయి. తుపాకులు, తూటాలు, మోర్టారు గుళ్ళు అక్కడే చేసుకుంటారు. కాని యుద్ధ విమానాలు, హెలికాప్టర్లు చేసుకోలేరు. వాటిని ఎవరో తయారు చేశారు, ఎవరో అమ్మారు. పాడైతే ఎవరో బాగు చేశారు. ఇంధనం ఎవరో ఓడలో తెచ్చి పోశారు. ఆ ఎవరోలు ఎవరన్నదే అసలు విషయం.

2021 జూన్ 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఒక తీర్మానం వచ్చింది. మయన్మార్‌లోకి ఆయుధాలు వెళ్ళకుండా అన్ని దేశాలూ ఆపాలని అందులో కోరారు. 119 దేశాలు అవునన్నాయి. కాదన్నది ఒక్క బెలారుస్. 36 దేశాలు ఎటూ ఓటు వేయకుండా ఊరుకున్నాయి. రష్యా, చైనా అందులో ఉన్నాయి. మన దేశమూ ఉంది. ఇంకో విశేషం ఏమిటంటే, మయన్మార్ తరఫున కూర్చున్న రాయబారి క్యా మో తున్ ఆ తీర్మానానికి అనుకూలంగా ఓటు వేశాడు. ఆయన కూలిపోయిన ప్రభుత్వం నియమించిన మనిషి. కుట్ర జరిగిన నెలలోనే అదే సభలో మూడు వేళ్ళు పైకెత్తి నిరసన తెలిపినవాడు. తన దేశానికి ఆయుధాలు అమ్మవద్దని ఒక దేశపు రాయబారే చేయెత్తి అడుగుతుంటే, మనం గోడ మీద పిల్లిలా కూర్చున్నాం. నాకు అది నచ్చలేదు. మనవాళ్ళ కారణాలు తరువాత చెబుతాను, వాటినీ విందాం.

అయితే సర్వప్రతినిధి సభ తీర్మానం అంటే పెద్దమనుషుల మాట వంటిది. వింటే విన్నట్టు, లేకపోతే లేదు. అందరూ చచ్చినట్టు పాటించవలసిన నిషేధం పెట్టే అధికారం భద్రతా మండలిది. అక్కడ అయిదు పెద్ద దేశాల్లో ఏ ఒక్కటి వీటో అన్నా ఆగిపోతుంది. ఆ అయిదింటిలో రెండు మయన్మార్‌కి ఆయుధాలు అమ్మే దేశాలే. ఇక చెప్పేదేముంది! 2022 డిసెంబరులో మండలి ఒక తీర్మానం చేయగలిగింది గాని, అందులో హింస ఆపమని ఉంది, ఆయుధాలు ఆపమని లేదు. దానికీ రష్యా, చైనాలతో పాటు మన దేశం ఓటు వేయకుండా ఉండిపోయింది.

"అసలు ఆయుధాలే ఎందుకు? అన్నీ ఆపేస్తే పీడా పోతుంది కదా, బియ్యం, నూనె, మందులు, వర్తకం మొత్తం?" అని మీరు అడగవచ్చు. అలా చేసి చూసిన ఉదాహరణ ఉంది. హైతీ అని అమెరికాకి దగ్గరలో ఒక దీవిలో కొంత భాగం ఉన్న దేశం. బీదదేశం. 1991 సెప్టెంబరులో అక్కడ సైన్యం ఎన్నికైన అధ్యక్షుడు అరిస్తీద్‌ని తరిమేసింది. భద్రతా మండలి ఆయుధాల మీద, పెట్రోలు మీద నిషేధం పెట్టింది ఎప్పుడనుకున్నారు? 1993 జూన్‌లో. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ ఇరవై ఒక్క నెలలు పట్టింది. తరువాత 1994లో దాదాపు మొత్తం వర్తకాన్నే ఆపేశారు. ఫలితం? అదే దీవిలో మిగతా భాగమైన డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు మీదుగా పెట్రోలు డబ్బాల్లో దొంగతనంగా వస్తూనే ఉంది. సైనికాధికారులకీ వాళ్ళ స్నేహితులకీ అదొక కొత్త వ్యాపారమైంది. రాజధానిలో బట్టలు కుట్టే ఫాక్టరీలు మూతపడి వేలమంది ఆడవాళ్ళ జీతాలు పోయాయి. సేనాని సెద్రాస్ ఇంట్లో మాత్రం పొయ్యి ఆరలేదు. చివరికి అమెరికా సైన్యం దిగుతుందన్నాకనే 1994 అక్టోబరులో వాళ్ళు గద్దె దిగారు.

అందుకే అన్ని నిషేధాల్లోకీ ఆయుధ నిషేధం మేలని నేననుకుంటాను. అది ఎవరి బియ్యం డబ్బానీ ఖాళీ చేయదు. చంటిపిల్లల పాలడబ్బాల్ని ఆపదు. బాంబు రాకపోతే పస్తుండే తల్లి ఏ దేశంలోనూ ఉండదు కదా.

మరి అది పనిచేస్తుందా? మనింట్లో ఉన్న కుక్కరునే చూడండి. వేల రూపాయలు పోసి కొన్నది. గాస్కెట్ పోయిందనుకోండి, ఆ పూటకి అది ఉత్త గిన్నె. ఆ కంపెనీ గాస్కెట్ ఆ కంపెనీ కుక్కరుకే సరిపోతుంది. యుద్ధ విమానం కూడా ఇంతే. కొనడం ఒకసారే. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఇంజను విప్పాలి, శుభ్రం చేయాలి, రెక్కలు మార్చాలి, తయారు చేసినవాడి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. కొత్త విమానాలు అమ్మం అని ప్రకటించడం కన్నా, పాతవి బాగు చేయం అనడంలోనే నిషేధానికి పదును ఉంది. ఇది చిలీ దేశం కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

1973 సెప్టెంబరు 11న దక్షిణ అమెరికాలోని చిలీలో జనరల్ పినోషే ప్రభుత్వాన్ని కూల్చాడు. ఆ రోజు అధ్యక్ష భవనం మీద బాంబులు వేసినవి హాకర్ హంటర్ అనే బ్రిటిష్ విమానాలు. వాటి ఇంజన్లు రోల్స్ రాయిస్ కంపెనీవి. ఆ ఇంజన్లను కొంతకాలానికి ఒకసారి విప్పి బాగుచేయవలసిన ఫాక్టరీ స్కాట్లండ్‌లో, గ్లాస్గో దగ్గర, ఈస్ట్ కిల్‌బ్రైడ్ అనే ఊళ్ళో ఉంది. 1974 మార్చిలో అక్కడ బాబ్ ఫుల్టన్ అనే ఇన్‌స్పెక్టరు తన బల్ల దగ్గరికి వచ్చిన ఇంజను మీద చీటీ చూశాడు. చిలీ వాయుసేన అని ఉంది. నేను దీన్ని ముట్టుకోను అన్నాడు. అంతే. పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. తోటి కార్మికులు, యూనియను అతని వెనక నిలిచారు. ఆ ఇంజన్లను పెట్టెల్లో పెట్టి ఫాక్టరీ పెరట్లో ఆరుబయట వదిలేశారు. స్కాట్లండ్ అంటే వాన, మంచు. నాలుగేళ్ళు అవి అక్కడే తుప్పు పట్టాయి. 1978 ఆగస్టులో ఒక రాత్రి ఎవరో లారీల్లో ఎక్కించి పట్టుకుపోయారు. 2015లో చిలీ ప్రభుత్వం, అంటే ప్రజలెన్నుకున్న ప్రభుత్వం, ఫుల్టన్‌కీ ఆయన సహచరులిద్దరికీ దేశ పురస్కారం ఇచ్చింది. అప్పటికి వాళ్ళు ముసలివాళ్ళయిపోయారు.

ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ ఇంజన్లు ఆగిపోవడం వల్ల పినోషే పడిపోలేదు. 1990 దాకా గద్దె మీదే ఉన్నాడు. బ్రిటన్‌లో 1974లో వచ్చిన లేబర్ ప్రభుత్వం చిలీకి కొత్తగా ఆయుధాలు అమ్మబోమంది గాని, అంతకు ముందు ఒప్పుకున్న యుద్ధనౌకల్ని, జలాంతర్గాముల్ని మాత్రం కట్టి అప్పగించింది. సంతకం అయిపోయిందిగా అన్నారు. 1980లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం నిషేధమే ఎత్తేసింది. అమెరికా 1976లో చట్టం చేసి ఆయుధాలు ఆపింది. అది మాత్రం గట్టిగానే తగిలింది. ఎంత గట్టిగానంటే, చిలీ సొంతంగా ఆయుధాలు చేసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ కార్డోయెన్ అనే వ్యాపారి క్లస్టర్ బాంబులు తయారు చేసి, 1980ల్లో ఇరాక్‌కి అమ్మి కోటీశ్వరుడయ్యాడు. ఒకచోట పాముని తొక్కితే ఇంకోచోట తల ఎత్తినట్టయింది. ఆయుధ నిషేధం మంచిదని చెబుతున్నాను కాబట్టి దాని లోటు కూడా నేనే చెప్పాలి కదా.

చిలీలో ఇంజను ఎలాగో, మిగతా చోట్ల చిన్న చిన్న భాగాలు అలాగ. 2007లో మన దేశం తయారు చేసే ధ్రువ్ హెలికాప్టర్లను బర్మాకి అమ్మబోతున్నదని వార్త వచ్చింది. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, మరికొన్ని సంస్థలు కలిసి లెక్క తీస్తే, ఆ హెలికాప్టరులో ఆరు యూరోపు దేశాల భాగాలున్నట్టు తేలింది. యూరోపు దేశాలు 1990ల మొదటి నుంచే బర్మాకి ఆయుధాలు అమ్మరాదని కట్టడి చేసుకున్నాయి. తాము అమ్మం అని ఒట్టు వేసుకున్నవాళ్ళ వస్తువులు మన హెలికాప్టరు కడుపులో కూర్చుని వెళ్తాయన్నమాట! ఆ అమ్మకం ముందుకు సాగలేదు. కాని ఈ వ్యాపారంలో చెయ్యి ఎవరిదో, చేతికి తొడిగిన గాజు ఎవరిదో విడదీసి చూడటం ఎంత కష్టమో దాంతో తెలిసింది.

ఇక అసలు లెక్క. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి మయన్మార్ పరిస్థితి చూడమని టామ్ ఆండ్రూస్ అనే ఆయన్ని నియమించింది. ఆయన 2023 మేలో ఒక నివేదిక ఇచ్చారు. కుట్ర జరిగిన తరువాత ఆ సైన్యం కనీసం వంద కోట్ల డాలర్ల ఆయుధాలు, వాటి సామగ్రి బయటి నుంచి తెప్పించుకుందని అందులో ఉంది. రష్యా నుంచి 40 కోట్ల 60 లక్షలు. చైనా నుంచి 26 కోట్ల 70 లక్షలు. సింగపూరులోని కంపెనీల ద్వారా 25 కోట్ల 40 లక్షలు. భారతదేశం నుంచి 5 కోట్ల 10 లక్షలు, అందులో మన ప్రభుత్వ రంగ సంస్థల సరుకూ ఉంది. థాయ్‌లాండ్ నుంచి 2 కోట్ల 80 లక్షలు.

పెద్దవాళ్ళ పక్కన మనది చిన్న అంకె అని సర్దుకోవడం ఒక పద్ధతి. నేను సర్దుకోలేను. మన ప్రభుత్వ సంస్థ అమ్మిందంటే నువ్వూ నేనూ అమ్మినట్టే.

మనవాళ్ళు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. మయన్మార్‌తో మనకి 1,600 కిలోమీటర్లకి పైగా సరిహద్దు ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో తిరుగుబాటు చేసేవాళ్ళు ఆ అడవుల్లోనే దాక్కుంటారు. అక్కడి సైన్యంతో పూర్తిగా తెగతెంపులు చేసుకుంటే ఆ చోటంతా చైనా ఆక్రమిస్తుంది. పొరుగు దేశాలతో సంప్రదించకుండా తీర్మానాలు చేస్తే ప్రయోజనం లేదని ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి చెప్పారు. ఇవన్నీ నిజమే. కాని పొరుగువాడితో మాట్లాడటం వేరు, అతను పెళ్ళాం పిల్లల్ని కొడుతున్నప్పుడు చేతికి కర్ర అందించడం వేరు. మాటలు ఆపమని ఎవరూ అనడం లేదు. ఇంకో సంగతి, ఆ బాంబులకి భయపడి ఇల్లూ వాకిలీ వదిలి మిజోరం వచ్చిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ళకి అన్నం పెట్టింది అక్కడి మన ఆడవాళ్ళే. ఒక చేత్తో అన్నం పెట్టి, రెండో చేత్తో రాడార్ అమ్మితే లెక్క ఎక్కడ సరిపోతుంది?

మన విశాఖపట్నానికీ ఈ కథలో చోటుంది. మన నౌకాదళంలో పనిచేసిన ఐ.ఎన్.ఎస్. సింధువీర్ అనే జలాంతర్గామిని విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో బాగుచేసి, 2020 అక్టోబరులో మయన్మార్‌కి ఇచ్చారు. అప్పుడు అక్కడ ఎన్నికైన ప్రభుత్వం ఉంది, కనుక ఇచ్చినందుకు తప్పు పట్టను. ఆ దేశపు నౌకాదళం దానికి కొత్త పేరు పెట్టుకుంది. ఫిబ్రవరిలో కుట్ర. జలాంతర్గామి పల్లెటూళ్ళ మీద బాంబులు వేయదు, నిజమే. కాని కుక్కరు గాస్కెట్ సంగతి ఇందాక చెప్పుకున్నాం. దానికి భాగాలు కావాలని, మనుషుల్ని పంపమని ఆ సైన్యం అడిగితే ఇవ్వాలా, వద్దా? ఈస్ట్ కిల్‌బ్రైడ్ బల్ల మీదికి వచ్చిన ప్రశ్న ఇదే.

విశాఖ అనగానే కంచరపాలెం వైపు ఉన్న బర్మా క్యాంపు గుర్తుకొస్తుంది. ఆ పేరు ఎలా వచ్చిందో మన పిల్లలకి తెలియదు. 1962 మార్చి 2న జనరల్ నె విన్ బర్మాలో సైనిక ప్రభుత్వం పెట్టాడు. తరువాత దుకాణాలు, వ్యాపారాలు అన్నీ జాతీయం చేశాడు. 1964లో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నాడు. కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి తరతరాలుగా వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చినవాళ్ళు, కోరంగి మీదుగా వచ్చేవాళ్ళు కనుక బర్మావాళ్ళు కోరంగీలని పిలిచిన మనవాళ్ళు, కట్టుబట్టలతో ఓడలెక్కి తిరిగి వచ్చారు. మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు, అందరం బర్మా మామ్మగారు అంటాం. రంగంలోనే పుట్టారు. పదేళ్ళ పిల్లగా ఓడ ఎక్కినప్పుడు వాళ్ళమ్మ చెవులకున్న దుద్దులు రేవులోనే తీయించేశారట. "ఆ తుపాకీవాడు మా అమ్మ మొహం కూడా చూడలేదే తల్లీ, చెవులే చూశాడు" అంటారు. అప్పుడు ఆ సైన్యానికి ఆయుధాలు ఆపుదామన్న ఊసు ప్రపంచంలో పెద్దగా ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ ఆయుధ కర్మాగారాలకి పశ్చిమ జర్మనీ కంపెనీ ఒకటి 1950ల నుంచీ సాయం చేస్తూ వచ్చింది, కుట్ర జరిగినా మానలేదు. ఈనాడు పల్లెటూళ్ళ మీద పడుతున్న గుళ్ళకి పునాది అలా పడింది.

మనం ఎప్పుడూ ఇలా ఊరుకున్నామా అంటే, లేదు. దక్షిణాఫ్రికాలో భారతీయుల్ని, నల్లజాతివారిని వర్ణం పేరుతో అణచివేస్తుంటే ఆ దేశంతో వర్తకం తెంచుకున్న మొట్టమొదటి దేశం మనదే. 1946లో! అప్పటికి మనకి స్వాతంత్ర్యం కూడా రాలేదు. నష్టం వస్తుందని తెలిసే చేశారు. భద్రతా మండలి దక్షిణాఫ్రికా మీద ఆయుధ నిషేధం పెట్టింది 1977 నవంబరులో, అంటే ముప్ఫై ఒక్క ఏళ్ళ తరువాత. ముందు నడిచిన అలవాటు మనకుంది.

ఇన్ని చిల్లులున్న నిషేధం వల్ల ఏమైనా ఒరిగిందా అని అడిగేవారికి 2024 జూన్‌లో అదే ఆండ్రూస్ ఇచ్చిన రెండో నివేదిక జవాబు చెబుతుంది. 2022 ఆర్థిక సంవత్సరంలో బ్యాంకుల ద్వారా ఆ సైన్యం బయటి నుంచి కొన్న ఆయుధాలు, సామగ్రి విలువ 37 కోట్ల 70 లక్షల డాలర్లు. మరుసటి ఏడాదికి అది 25 కోట్ల 30 లక్షలకి దిగింది. మూడోవంతు తగ్గిపోయింది. ఎందుకంటే మొదటి నివేదిక వచ్చాక సింగపూరు ప్రభుత్వం తన కంపెనీల మీద విచారణ జరిపింది. అక్కడి నుంచి వెళ్ళే సరుకు 11 కోట్ల డాలర్ల పైచిలుకు నుంచి దాదాపు 1 కోటికి పడిపోయింది. చూడండి, భద్రతా మండలి కదలలేదు, ఎవరూ యుద్ధానికి వెళ్ళలేదు. ఒక చిన్న దేశం తన బజారులో లెక్కలు చూసుకుంది, అంతే.

ఆ ఖాళీలో కొంత థాయ్‌లాండ్ పూరించింది. అక్కడి నుంచి వెళ్ళినది 6 కోట్ల నుంచి దాదాపు 13 కోట్లకి పెరిగింది. సింగపూరులో మూసిన ఖాతాలు బ్యాంకాకులో తెరిచారన్నమాట. విమానాల ఇంధనం సంగతి ఇంకా చిక్కు. ప్రయాణికుల విమానానికి పోసేదీ, బాంబు విమానానికి పోసేదీ ఒకటే నూనె. ఓడ ఒక రేవులో నింపుకుని, ఇంకో రేవులో చేతులు మారి, మూడో పేరుతో వస్తుంది. పాలలో నీళ్ళు ఎక్కడ కలిశాయో వాసన చూసి చెప్పగల మనకే అది పట్టుకోవడం కష్టం.

ఆ నివేదిక వచ్చిన మర్నెల, 2024 జులైలో, థాయ్‌లాండ్ పార్లమెంటు సంఘం ఒకటి తమ బ్యాంకులవాళ్ళని పిలిచి కూర్చోబెట్టి, ఈ డబ్బు ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకి వెళ్ళిందని అడిగింది. మన 5 కోట్ల 10 లక్షల డాలర్ల గురించి అలా అడిగే అధికారం మన పార్లమెంటు సంఘాలకీ ఉంది. మీ నియోజకవర్గం సభ్యుడికి ఒక కార్డు ముక్క రాయడానికి మ్యాట్రిక్ చదువు సరిపోతుంది, నేను ఆ చదువుతోనే రాశాను. జవాబు వస్తే ఈ కార్యక్రమంలోనే చదివి వినిపిస్తాను.

సెలవు.